ముల్లంగి వేయాలా, బంగాళాదుంప వేయాలా: బ్లాక్‌చెయిన్ సాగు ఆటల్లో అసలు వ్యూహం ఎక్కడుంది?

గట్టుమీదచెట్టు:

బ్లాక్‌చెయిన్ గేమ్ (ఆటలోని వస్తువులు ఎవరివో అందరికీ కనిపించే ఉమ్మడి డిజిటల్ చిట్టాలో రాసి ఉండి, వాటిని నిజం డబ్బుకి అమ్ముకోగలిగే ఆట) ఆడుతున్నా అని చెబితే చాలు, ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "ఎంత వస్తోంది?". ఎలా ఆడతారు, అందులో ఏం నచ్చింది అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. అందుకే ఈ చర్చ పెడుతున్నా, డబ్బు సంగతి కాసేపు పక్కన పెట్టి మాట్లాడుకుందాం.

నేను ఆడేది సన్‌ఫ్లవర్ ల్యాండ్. చూడ్డానికి పిల్లల ఆటలాగే ఉంటుంది, గళ్ల గళ్ల బొమ్మలు, చిన్న చిన్న మడులు, విత్తనం వేయడం, కోయడం. కానీ పంటకాలాలు చూడండి. పొద్దుతిరుగుడు 1 నిమిషం, బంగాళాదుంప 5 నిమిషాలు, గుమ్మడి 30 నిమిషాలు, కాలీఫ్లవర్ 8 గంటలు, ముల్లంగి 24 గంటలు. గంట లెక్కన చూస్తే చిన్న పంటల్లోనే లాభం, ఒక్కో కోత లెక్కన చూస్తే పెద్ద పంటల్లో. ఒక మడిలో రోజంతా బంగాళాదుంపే పండించాలంటే 288 సార్లు కోయాలి, ముల్లంగి అయితే ఒక్కసారి కోసి చేతులు దులుపుకోవచ్చు. రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చునేవాడికీ, ఉద్యోగం చేసుకుంటూ పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి తొంగిచూసేవాడికీ సరైన పంట ఒకటే కాదన్నమాట. ఇది గ్రహించడానికే నాకు రెండు వారాలు పట్టింది.

కోశాక ఇంకో తలనొప్పి. అమ్మేస్తే ఇప్పుడే నాలుగు నాణేలు వస్తాయి, వండిపెడితే మన బొమ్మకి అనుభవం పెరిగి లెవెల్ పైకెళ్తుంది, దాచుకుంటే రేపెప్పుడో ఏ ఆర్డరుకో అక్కరకొస్తుంది. ఒకే క్యాబేజీ మూడు పనులకీ రాదు కదా. నన్ను కట్టిపడేసింది ఈ మూడు దార్ల మధ్య తర్జనభర్జనే. మీలో ఎవరికైనా ఇలాగే అనిపించిందా, లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

అనుమానపక్షి:

ఎక్కువే ఊహించుకుంటున్నారు సార్, ఏమీ అనుకోవద్దు. మీరు చెప్పినవన్నీ బ్లాక్‌చెయిన్ లేని సాగు ఆటల్లో కూడా ఉన్నాయి. 2009లో ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ ఆట వచ్చినప్పుడే పంటకో కాలం ఉండేది, ఆ టైముకి వచ్చి కోయకపోతే ఎండిపోయేది కూడా. పెళ్లిళ్లలో కూడా జనం పక్కకెళ్లి స్ట్రాబెర్రీలు కోసుకొచ్చిన రోజులవి. మరి ఈ టోకెన్ (బయట డబ్బుకి అమ్ముకోగలిగే ఆట నాణెం) ఎందుకు, వాలెట్ (దాన్ని దాచుకునే డిజిటల్ పర్సు) ఎందుకు? వ్యూహం, వ్యూహం అంటారుగానీ లోపల జరిగేది రేటు పెరుగుతుందని ఎదురుచూడటమే. రేటు సున్నా అయిన రోజు ఎంతమంది ముల్లంగి కోయడానికి వస్తారో చూద్దాం.

లెక్కలోడు:

పక్షిగారు అడిగింది సరైన ప్రశ్నే, దానికి తర్వాత వస్తా. ముందు గట్టుగారు వదిలేసిన ఒక సంగతి చెప్పాలి, నాకు ఈ ఆట పిచ్చి పట్టించింది అదే.

తొలి రోజుల్లో ఈ ఆటలో రెండు దిష్టిబొమ్మలు బాగా నడిచేవి, ఎన్‌ఎఫ్‌టీలు, అంటే ఫలానావాడి సొంతం అని బ్లాక్‌చెయిన్ మీద రాసి ఉండే వస్తువులు. ఒకటి పెట్టుకుంటే పంట 15 శాతం తొందరగా చేతికొస్తుంది, ఇంకొకటి పెట్టుకుంటే దిగుబడి 20 శాతం పెరుగుతుంది. ఏది మేలు? అందరూ ఠక్కున 20 అంటారు, పెద్ద అంకె కాబట్టి. నేనూ అలాగే అన్నా. తర్వాత కాగితం పెన్ను తీసి కూర్చున్నా.

కాలీఫ్లవర్ 8 గంటలు. 15 శాతం తగ్గితే 6 గంటల 48 నిమిషాలు. ఈ బొమ్మ లేకుండా రోజుకి మూడు కోతలు తీయాలంటే సరిగ్గా 24 గంటలూ పట్టేస్తుంది, ఒక్క అరగంట ఆలస్యమైనా మర్నాటి వరస మొత్తం జరిగిపోతుంది, నిద్ర సంగతి దేవుడెరుగు. బొమ్మ ఉంటే మూడు కోతలు 20 గంటల 24 నిమిషాల్లో అయిపోతాయి, మూడున్నర గంటల పైన వెసులుబాటు మిగులుతుంది. పంట అంతే, మనిషి మాత్రం బతికిపోతాడు. ఇక ముల్లంగి వేసేవాడికి అదే బొమ్మ దండగ. 24 గంటలు కాస్తా 20 గంటల 24 నిమిషాలైంది, అయితే ఏంటి, వాడు వచ్చేది ఎలాగూ రేపు ఇదే టైముకి. వాడికి దిగుబడి బొమ్మే కావాలి. వస్తువు ఒకటే, దాని విలువ మాత్రం కొనేవాడి నిద్రవేళల్ని బట్టి మారుతోంది! అందుకే సంతలో ఇద్దరు మనుషులు అదే బొమ్మకి వేర్వేరు రేట్లు చెప్పినా ఇద్దరూ తెలివైనవాళ్లే అయ్యుండొచ్చు.

బ్లాక్‌చెయిన్ ఎందుకంటే ఇందుకు. మామూలు ఆటలో ఆ దిష్టిబొమ్మ కంపెనీ పెట్టిన రేటుకి కంపెనీ దగ్గరే కొనాలి, వద్దనుకుంటే పారేసుకోవాలి. ఇక్కడ నాలుగు నెలలు వాడుకుని, నా అలవాట్లు మారాక, అవసరమున్న ఇంకొకడికి అమ్మేశా.

నిద్రలేనిముల్లంగి:

నా పేరు చూస్తే అర్థమవుతుంది నేనేం చేశానో. తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకి అలారం పెట్టుకుని లేచి కాలీఫ్లవర్ కోసేవాణ్ని. ఓ రోజు మా ఆవిడ లేచి, చీకట్లో ఫోన్ వెలుగులో నా మొహం చూసి జడుసుకుంది. అప్పట్నుంచి ముల్లంగే. లెక్కలోడు అన్నా, ఈ లెక్కేదో మీరు ముందే చెప్పుంటే నా కాపురం బాగుండేది.

పాతకాపు:

మీరందరూ సన్‌ఫ్లవర్ ల్యాండ్ గురించి మాట్లాడుతున్నారు, దాని ముందు వచ్చిన సన్‌ఫ్లవర్ ఫార్మర్స్ చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలీదు. 2022 జనవరి మొదట్లో ఆ చిన్న ఆట దెబ్బకి, అది నడిచే పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మొత్తం ఉక్కిరిబిక్కిరైంది. పొలాన్ని సేవ్ చేసిన ప్రతిసారీ ఒక లావాదేవీ, పైగా మనుషులకంటే బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) ఎక్కువ, మామూలుగా పైసల్లో ఉండే గ్యాస్ ఫీజు (లావాదేవీ రాయించుకునే రుసుము) కొండెక్కి కూర్చుంది. కోతకి వచ్చేదానికంటే కోసినట్టు రాయించుకోవడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. రైతు లెక్క చూసుకుంటే నాగలి కూడా మిగలదని సామెత ఉంది, అక్కడ నాగలి మీద కూడా గ్యాస్ ఫీజే. ఆ తర్వాత దాన్ని ఆపేసి, కొత్తగా కట్టిందే ఇప్పుడు మీరు ఆడేది.

వ్యూహం అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ ఆటలోని సగానికి కోత. ఎంత టోకెన్ పుట్టిందో లెక్క ఉండేది, ఫలానా మెట్టు దాటగానే పంటల కొనుగోలు రేట్లు ఒక్కసారిగా సగానికో, ఇంకా కిందికో పడిపోయేవి. ఇప్పుడు ఆలోచించండి. మెట్టు దగ్గరపడుతోంది. మీ గోదాంలో బీట్‌రూట్ నిండా ఉంది. ఇప్పుడే అమ్మితే పాత రేటు. కానీ మీరు అమ్మితే కొత్త టోకెన్ పుడుతుంది, మెట్టు ఇంకా దగ్గరవుతుంది. అందరూ ఆగితే అందరికీ పాత రేటు ఇంకొన్నాళ్లు ఉంటుంది, ఒక్కడు గాభరాపడి అమ్మడం మొదలెడితే మిగతావాళ్లూ పరుగెత్తాలి. జనం గ్రూపుల్లో "ఎవరూ అమ్మొద్దు, పట్టుదలగా ఉందాం" అని రాసి, రాసిన చేత్తోనే వెళ్లి అమ్మేసేవాళ్లు. నేనూ అమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇలాంటి మనుషుల నాటకం ఫార్మ్‌విల్‌లో దొరకదు పక్షిగారూ. అక్కడ నా పక్కవాడు ఎన్ని స్ట్రాబెర్రీలు అమ్మినా నా స్ట్రాబెర్రీ రేటు కదలదు.

అనుమానపక్షి:

పాతకాపుగారూ, మీరు నా వాదనకే బలం ఇచ్చారు, థాంక్స్. పక్కవాడు ముందు పారిపోతాడేమో అన్న భయమే వ్యూహం అయితే, చీటీపాట ఎత్తిపోయేముందు జరిగేది కూడా వ్యూహమే.

యాక్సీ ఇన్ఫినిటీ సంగతి అందరికీ తెలుసు. సాగు ఆట కాదుగానీ రోగం ఒకటే. అందులో యాక్సీలనే జంతువుల బొమ్మల్ని పోట్లాడిస్తారు. దాని ఎస్‌ఎల్‌పీ అనే టోకెన్ ఆడేకొద్దీ పుట్టేది, ఖర్చయ్యే దారి మాత్రం దాదాపు ఒక్కటే, యాక్సీల్ని జతకట్టించి పిల్లల్ని పెట్టించడం. ఆ పిల్లల్ని కొనాలంటే కొత్త ఆటగాళ్లు రావాలి. వాళ్లు రావడం తగ్గింది, పుట్టేది మాత్రం ఆగలేదు. 2021 జులైలో 30 సెంట్లు దాటిన టోకెన్ 2022 మధ్యకల్లా ఒక సెంటు కూడా చేయలేదు. 2022 ఫిబ్రవరిలో అడ్వెంచర్ మోడ్‌లోనూ రోజువారీ క్వెస్ట్‌లోనూ ఇచ్చే ఎస్‌ఎల్‌పీ తీసేశారు కూడా, అప్పటికే ఆలస్యమైంది. అద్దెకి యాక్సీలు తీసుకుని దాన్నే ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. వాళ్లకి ఏ వ్యూహం మిగిలింది?

లెక్కలోడు:

దీంట్లో మీతో ఏకీభవిస్తా. నేను కొత్త ఆట చూస్తే మొట్టమొదట వెతికేది ఇదే, టోకెన్ ఎక్కడ పుడుతోంది, ఎక్కడ చస్తోంది. నీళ్ల తొట్టిలో కుళాయి ఎంత వస్తోంది, తూము ఎంత పోతోంది. బొమ్మలు ఎంత బాగున్నా, తూము సన్నగా ఉంటే నేను ఆ ఆటలో డబ్బు పెట్టను, ఉచితంగా ఆడి చూస్తా అంతే. సాగు ఆటలకి ఇక్కడ ఒక సుళువుంది: పనిముట్లు అరుగుతాయి, విత్తనాలు కొనాలి, తిండి తింటే అయిపోతుంది, పొలం పెంచాలంటే సామాను కావాలి. ఖర్చు చేయించడానికి బలవంతంగా సాకులు వెతకక్కర్లేదు, సాగులోనే ఖర్చుంది. పోట్లాట ఆటలో గెలిచినవాడి దగ్గర్నుంచి ఏం లాక్కుంటారు చెప్పండి.

ఇంకో చిట్కా కూడా చూశా, సన్‌ఫ్లవర్ ల్యాండ్‌లో టోకెన్ బయటికి తీసుకుంటే పన్ను కోసేవారు, తక్కువ తీస్తే ఎక్కువ శాతం, ఎక్కువ తీస్తే తక్కువ శాతం. తిట్టుకున్నాంగానీ దాని పని అది చేసింది, రోజూ వచ్చి గీరుకుపోయే బాట్లకి గిట్టుబాటు కాకుండా పోయింది.

కోడ్‌కూలీ:

రోజంతా కోడ్ రాసి బతికేవాణ్ని, ఈ ఆటల కాంట్రాక్టులు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే కోడ్) కొన్ని చదివా కాబట్టి రెండు అపోహలు తీరుస్తా.

ఒకటి, "అంతా బ్లాక్‌చెయిన్ మీదే ఉంది" అనేది. లేదు. విత్తనం వేసిన ప్రతి క్లిక్కూ గొలుసు మీద, అంటే బ్లాక్‌చెయిన్ మీద, రాయాలంటే 2022 జనవరి కథే మళ్లీ జరుగుతుంది. ఇప్పుడు ఆట మామూలు సర్వర్ మీదే నడుస్తుంది, మీరు కావాలనుకున్నప్పుడు లేదా ఏదైనా బయటికి తీయాలనుకున్నప్పుడు ఒక్క లావాదేవీతో మొత్తం గొలుసు మీదికి ఎక్కుతుంది. అంటే మధ్యలో ఉన్నదంతా ఆ సర్వర్ని నమ్మి ఉన్నదే. మీ కాలీఫ్లవర్ ఎదగడానికి 8 గంటలు పట్టాలా 10 గంటలు పట్టాలా అన్నది వాళ్ల చేతిలో ఉంది, మీ దిష్టిబొమ్మ 15 శాతం ఇవ్వాలా 10 ఇవ్వాలా అన్నది కూడా. లెక్కలోడు గారి కాగితం లెక్క ఒక్క అప్‌డేట్‌తో తారుమారు.

రెండోది, "నాది, ఎవరూ తీసుకోలేరు" అనేది. ఫార్మ్‌విల్ 2020 డిసెంబర్ 31న మూతపడింది, పదకొండేళ్ల పొలాలు ఒక్క రాత్రిలో మాయం. దానితో పోలిస్తే ఇక్కడ మీ ఎన్‌ఎఫ్‌టీ వాలెట్‌లో ఉంటుంది, నిజమే. కానీ ఆట సర్వర్ ఆగిపోతే అది ఏం చేస్తుంది? బొమ్మ అలాగే ఉంటుంది, కాకుల్ని తోలడానికి పొలం ఉండదు.

సన్‌ఫ్లవర్ ల్యాండ్‌లో నాకు నచ్చింది మాత్రం కోడ్ బహిరంగంగా ఉండటం. అప్‌డేట్ రాకముందే కోడ్‌లో మార్పులు చూసి, ఏ పంటకి గిరాకీ రాబోతోందో పసిగట్టేవాళ్లు ఉన్నారు. మొదట్లో మోసం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, చదవగలిగినవాడెవడైనా చదవొచ్చు కదా, వాతావరణ సూచన చూసి నాట్లేసేవాణ్ని మోసగాడంటామా?

నిద్రలేనిముల్లంగి:

కోడ్ చదవడం రానివాళ్లం ఏం కావాలి గురూ.

కోడ్‌కూలీ:

చదివినవాడితో దోస్తీ చేయాలి. అదీ వ్యూహమే.

కౌలుదారు:

పిక్సెల్స్ అనే ఇంకో సాగు ఆట గురించి ఎవరూ ఎత్తలేదేంటి. నేను అక్కడ సొంత భూమి లేకుండా ఆడినవాణ్ని, నా పేరు అందుకే అలా.

అక్కడ ఎన్‌ఎఫ్‌టీ భూములు 5,000 మాత్రమే. లేనివాళ్లకి ఉచితంగా చిన్న నేల ముక్క ఒకటి ఇస్తారు, అది వంటింటి పెరడంత. అసలు పంట కావాలంటే భూమి ఉన్నవాళ్ల పొలానికెళ్లి పనిచేయాలి, మనం పండించినదాంట్లో కొంత భూస్వామికి పోతుంది. అచ్చం కౌలే! దీంతో ఏమవుతుందంటే భూస్వాములకి మనుషులు కావాలి, మనకి మంచి పొలం కావాలి. ఖాళీ మళ్లు, దగ్గర్లో సామాను ఉంటే జనం వస్తారు, లేకపోతే భూమి ఎంత రేటు పెట్టి కొన్నా పడావు పడుంటుంది. నేను రోజూ వెళ్లే ఒకాయన పొలంలో నీళ్లూ పనిముట్లూ అన్నీ ఒకే వరసలో, బొమ్మ నాలుగడుగులు వేస్తే సరిపోయేలా అమర్చాడు. అలా అమర్చాడనే ఆయన పొలం ఎప్పుడూ కిటకిటలాడేది. పక్కనే ఇంకొకాయన అలంకారానికి ఫౌంటెన్లూ విగ్రహాలూ పెట్టాడు, చూసి ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లం.

ఇంకోటి ఎనర్జీ. ఏ పని చేసినా కొంత తగ్గుతుంది, అయిపోతే తినాలి లేదా ఆగాలి. కాబట్టి అక్కడ అడగాల్సిన ప్రశ్న గంటకి ఎంత అని కాదు, ఒక్కో ఎనర్జీకి ఎంత అని. మా గ్రూపులో ఒకడు ఏ తిండి తింటే ఎంత ఎనర్జీ, ఆ తిండి వండటానికే ఎంత ఎనర్జీ పోతుంది అని పట్టిక రాసుకున్నాడు, చూస్తే సగం వంటలు నష్టం. ఘుమఘుమలాడే బొమ్మ వేసి మనల్ని బుట్టలో వేశారు.

పక్షిగారి రోగం అక్కడా వచ్చింది. బెర్రీ అని ఒక టోకెన్ ఉండేది, రోజువారీ ఖర్చులకి. అది విపరీతంగా పుట్టి విలువ జారిపోతుంటే 2024లో దాన్ని తప్పించి, ఆట లోపలే తిరిగే మామూలు నాణేలు పెట్టి, పిక్సెల్ టోకెన్ ఒక్కదాన్నే గొలుసు మీద ఉంచారు. అంటే వాళ్లే ఒప్పుకున్నట్టు, రోజువారీ చిల్లర బయటి మార్కెట్లో ఉండకూడదని. నాకైతే ఆ తర్వాతే ఆట కుదుటపడ్డట్టు అనిపించింది, విత్తనం కొనే ముందు రేటు చార్టు చూడ్డం మానేశా.

గట్టుమీదచెట్టు:

కౌలుదారుగారూ ఇది బంగారంలాంటి సమాచారం. చార్టు చూడ్డం మానేశాకే ఆట బాగుంది అన్నారు చూశారా, నేను మొదట అడిగింది ఇదే.

కొత్తగావచ్చా:

అందరికీ నమస్కారం, ఇదంతా చదివి ఆశ పుట్టింది, భయమూ వేసింది. నాకు వాలెట్ కూడా లేదు. భూమి కొని మొదలెట్టాలా, ఉచితంగా మొదలెట్టాలా?

పాతకాపు:

ఉచితంగా తమ్ముడూ, ఇంకో మాట లేదు. నా సంగతి చెప్తా విను. పేరు చెప్పనుగానీ ఒక సాగు ఆటలో మొదటి రోజే పనిముట్ల ఎన్‌ఎఫ్‌టీలు కొన్నా, నెలన్నరలో పెట్టుబడి తిరిగొస్తుందని లెక్క వేసుకున్నా. లెక్కలో తప్పు లేదు, కాకపోతే ఆ లెక్క ఆ రోజు రేటుతో వేసింది. పదో రోజుకి రేటు సగం, ఇరవయ్యో రోజుకి పావు, పనిముట్టు బాగుచేయించుకోవడానికి మాత్రం అదే ఖర్చు. చివరికి గొడ్డలి అరిగిపోయింది, నేనూ అరిగిపోయా. ఎవరైనా "ఇన్ని రోజుల్లో తిరిగొస్తుంది" అంటే, ఏ రోజు రేటుతో వేశావయ్యా అని అడుగు.

ఇంకో విషయం, ఆట బాగున్నంత మాత్రాన అది నిలబడ్డ నేల గట్టిదని కాదు. పిక్సెల్స్ 2023లో పాలిగాన్ నుంచి రోనిన్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్‌కి మారింది. అదే రోనిన్ బ్రిడ్జి (బ్లాక్‌చెయిన్ల మధ్య సొమ్ము దాటించే వంతెన) నుంచి 2022 మార్చిలో 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ అనే క్రిప్టో నాణేలు కొట్టేశారు. లావాదేవీల్ని ఆమోదించే తొమ్మిది తాళంచెవుల్లో అయిదు దొంగల చేతికి చిక్కాయి, ఆరు రోజుల దాకా ఎవరూ గమనించనే లేదు. తర్వాత సరిచేశారు, పోగొట్టుకున్నవాళ్లకి తిరిగిచ్చారు, అది వేరే సంగతి. నువ్వు మాత్రం ఆటకి వేరే వాలెట్ పెట్టుకో, అందులో పోయినా నిద్రపట్టేంత మాత్రమే ఉంచు, వాలెట్ తెరిచే ఆ పన్నెండు రహస్య పదాలు మాత్రం ఎవరు అడిగినా చెప్పకు, "సపోర్ట్ టీమ్" అని మెసేజ్ పెట్టినవాడికి అసలే చెప్పకు.

అనుమానపక్షి:

ఈ ఒక్క పోస్టు పైన పెట్టి పిన్ చేయండి దయచేసి.

నా మాట కొంచెం సవరించుకుంటా. దిష్టిబొమ్మ కథ, కౌలు పొలం కథ, ఈ రెండూ నిజంగా ఆటే, ఒప్పుకుంటున్నా. మనుషులు అమ్ముకోగలిగితేనే అవి పుట్టాయి, అదీ ఒప్పుకుంటా. సగానికి కోత కథ మాత్రం నాకు ఇప్పటికీ తొక్కిసలాటలాగే కనిపిస్తోంది. మొదటి రెండూ ఉంచి మూడోది తీసేసిన ఆట ఎవరైనా చేస్తే నేనూ నాలుగు మడులు దున్నుతా.

లెక్కలోడు:

చేయడం కష్టం. అమ్ముకోవచ్చు అంటేనే రేటు ఉంటుంది, రేటు ఉందంటే భయం కూడా ఉంటుంది. తగ్గించొచ్చు, తీసేయలేం. బెర్రీ తప్పించడం లాంటివి తగ్గించడమే.

కొత్తగావచ్చా:

మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చా. పాతకాపుగారు చెప్పినట్టే ఒక్క పైసా పెట్టకుండా మొదలెట్టా. మొదటి రోజు ఆవేశంగా బంగాళాదుంపలు వేసి వేసి వేలు నొప్పి పుట్టింది, అయిదు నిమిషాలకోసారి ఆఫీసులో ఫోన్ తీయలేక వదిలేశా. ఇప్పుడు పగలు చిన్నవి, పడుకునేముందు పెద్దవి వేస్తున్నా. నిన్న నా దగ్గరున్న క్యారట్లన్నీ అమ్మేసి విత్తనాలు కొనుక్కున్నా, మంచి పనేనా?

లెక్కలోడు:

అన్నీ అమ్మేశావా? తర్వాత లెవెల్‌కి వంట చేయాలి కదా, దానికి ఏం కావాలో చూశావా?

కొత్తగావచ్చా:

ఇప్పుడే చూశా. క్యారట్లే.

నిద్రలేనిముల్లంగి:

గంటలో వస్తాయిలే తమ్ముడూ, అలారం మాత్రం పెట్టుకోకు.